వ్యాపారంలో తోడు కావాలి, సరే. ఎలాంటి తోడు? క్రైస్తవ మహిళా వ్యాపారులకు ఒక పోలిక

నేను పిల్లల బట్టలు కుట్టి అమ్ముతాను. మొదలుపెట్టిన రెండో ఏడాదిలో ఒకేసారి 40 గౌన్ల ఆర్డరు వచ్చింది. గడువు 10 రోజులు. సంతోషం పట్టలేక వెంటనే ఒప్పుకున్నాను. ఐదో రోజుకల్లా వేళ్ళు వాచిపోయాయి. రాత్రి రెండు దాటాక మిషను మీదే తలవాల్చి నిద్రపోయేదాన్ని. ఆ వారం ప్రార్థన కూటంలో నా పరిస్థితి చెప్పుకుంటే అక్కలందరూ నా మీద చేతులుంచి కన్నీళ్ళతో ప్రార్థన చేశారు. ఇంటికొచ్చేసరికి గుండె తేలికైంది. మళ్ళీ మిషను ముందు కూర్చోగలిగాను, ఆర్డరు టైముకి ఇచ్చేశాను.

డబ్బు చేతికొచ్చాక లెక్క చూస్తే గుడ్డ, దారం, బొత్తాల ఖర్చు పోగా మిగిలింది దాదాపు ఏమీ లేదు. ఎక్కడ పోయిందో అర్థం కాలేదు. దేవుడు ఈ పనిని ఆశీర్వదించడం లేదేమో అని కూడా బాధపడ్డాను. కొన్నాళ్ళ తర్వాత, చాలాకాలం సొంతంగా బట్టల దుకాణం నడిపిన ఒక పెద్దావిడ అడిగారు: "ఒక గౌను కుట్టడానికి ఎన్ని గంటలు పడుతుందమ్మా?" మూడు గంటలండీ అన్నాను. ఆవిడ ఒక కాగితం తీసుకుని 40ని మూడుతో హెచ్చవేసి 120 అని రాశారు. దాన్ని పదితో భాగించి 12 అని రాశారు. "రోజుకి పన్నెండు గంటలు పనిచేశావు. ఈ 120 గంటలకి నీ కూలి ఏ కాలమ్‌లో రాశావో చూపించు" అన్నారు.

ఏ కాలమ్‌లోనూ రాయలేదు.

ప్రార్థన చేసిన అక్కల తప్పు ఇందులో ఏమీ లేదు. వాళ్ళ దగ్గర ఉన్నది వాళ్ళు ఇచ్చారు, అది లేకపోతే నేను ఆ పది రోజులు నిలబడేదాన్నే కాదు. కానీ నాకు ఆ రోజుల్లో కావలసిన తోడు ఒకటి కాదు, రెండు. మనసుని పట్టుకునే తోడు ఒకటి, లెక్కని పట్టుకునే తోడు ఇంకొకటి. రెండూ ఒకేచోట దొరుకుతాయని అనుకోవడమే నా పొరపాటు. వ్యాపారం చేసుకునే మన అక్కచెల్లెళ్ళలో చాలామంది ఈ దగ్గరే ఆగిపోతారు. ఒకచోట అడిగి చూస్తారు, అక్కడ లేనిది దొరకదు, ఇక ఎవరినీ అడగడం మానేస్తారు. అందుకే ఏ తోడు దేనికి పనికొస్తుందో, దేనికి పనికిరాదో ఒక్కొక్కటిగా చెప్పాలని ఇది రాస్తున్నాను.

అంతకంటే ముందు ఒక మాట. సాయం అడగడం అంటే విశ్వాసం తక్కువని కొంతమందికి లోపల ఒక భయం ఉంటుంది. నిర్గమకాండము 18వ అధ్యాయం ఒకసారి తీసి చదవండి. మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని ప్రజలందరి తగవులూ తీరుస్తున్నాడు. దేవునితో ముఖాముఖి మాట్లాడిన మనిషి. అతని మామ యిత్రో వచ్చి చూసి, నువ్వు చేస్తున్న పని మంచిది కాదు, నువ్వూ నలిగిపోతావు, ప్రజలూ నలిగిపోతారు అన్నాడు. వెయ్యిమందికి ఒకరిని, వందకి ఒకరిని, యాభైకి ఒకరిని, పదిమందికి ఒకరిని పెట్టుకోమని పద్ధతి కూడా చెప్పాడు. మోషే కాదనలేదు, చెప్పినట్టే చేశాడు. బయటినుంచి వచ్చిన మనిషి, పని జరిగే తీరు చూసి చెప్పిన సలహా అది.

ముందు మీకు ఏది లోటో తేల్చుకోండి

తోడు వెతికే ముందు ఒక కాగితం మీద, గత నెలరోజుల్లో మిమ్మల్ని నిద్రపోనివ్వని విషయాలు మూడు రాయండి. అందంగా రాయక్కర్లేదు. "డబ్బు ఇవ్వాల్సినవాళ్ళు ఇవ్వడం లేదు", "రేటు చెప్పాలంటే నోరు రావడం లేదు", "ఇంట్లో ఎవరికీ నా పని పనిలాగా కనిపించడం లేదు", ఇలా రాస్తే చాలు. రాశాక చూస్తే అవి కొన్ని రకాలుగా విడిపోతాయి. మనసుకి ఆదరణ కావలసినవి కొన్ని. తెలియని పని నేర్చుకోవలసినవి కొన్ని. తెలిసినా చేయకుండా వాయిదా వేస్తున్నవి కొన్ని, వీటికి అడిగే మనిషి కావాలి. కస్టమర్లు లేకపోవడం వేరే సంగతి, పెట్టుబడి లేకపోవడం వేరే సంగతి. మీ మూడూ ఏ రకంలోకి వస్తాయో తెలిస్తే కింద రాసినవాటిలో సగం మీరే కొట్టేయగలరు.

సంఘంలోని ప్రార్థన సహవాసం

ఇది దాదాపు అందరికీ ఇప్పటికే ఉన్న తోడు. ఖర్చు లేదు, మిమ్మల్ని చిన్నప్పటినుంచి ఎరిగినవాళ్ళు ఉంటారు, అమ్మకాలు ఎలా ఉన్నా మీ విలువ మారదు. చివరి మాట చాలా పెద్దది. నెల బాగుంటే నేను బాగున్నాను, నెల చెడితే నేను చెడ్డాను అన్నట్టు బతికే వ్యాపారికి, అంకెలతో సంబంధం లేకుండా ప్రేమించే మనుషులు వారానికి ఒకసారైనా కనిపించాలి. అపొస్తలుల కార్యములు 16లో లూదియ మనకి మొదట కనిపించేది నది ఒడ్డున స్త్రీలు ప్రార్థనకి కూడుకున్న చోటే. తుయతైర ఊరి మనిషి, ఊదారంగు సరుకు అమ్మే వ్యాపారి, ఫిలిప్పీలో ఉంటోంది. అంత ఖరీదైన సరుకు వ్యాపారం చేస్తూ కూడా ఆ రోజు ఆమె ఆ స్త్రీల మధ్య కూర్చుని ఉంది.

అయితే ఈ సహవాసాన్ని రెండు పనులకి వాడకండి. ఒకటి, వ్యాపార నిర్ణయాలకి. జీతాలు, రేట్లు, కాంట్రాక్టులు తెలియనివాళ్ళని "ఏం చేయమంటారు" అని అడిగితే ప్రేమకొద్దీ ఏదో ఒకటి చెప్తారు, అది మీకు భారమవుతుంది. రెండు, అమ్మకాలకి. ప్రార్థన అయ్యాక సంచి తెరిచి సరుకు చూపిస్తే వాళ్ళు కాదనలేరు. మొహమాటంతో కొన్న మనిషి రెండోసారి కొనదు, పైగా మీతో మనసు విప్పి మాట్లాడటం కూడా తగ్గించేస్తుంది. నాకు తెలిసిన ఒక కూటంలో ముగ్గురు మూడు రకాల సరుకులు తెచ్చేసరికి మిగతావాళ్ళు రావడమే తగ్గించేశారు. అమ్మాలనుకుంటే సంఘ పెద్దల అనుమతితో దానికంటూ ఒక రోజు పెట్టుకోండి. ప్రార్థన రోజుని ప్రార్థనకే వదిలేయండి.

మెంటర్: మీకంటే ముందు నడిచిన మనిషి

ఇందాక చెప్పిన పెద్దావిడ నాకు దొరికిన మెంటర్. నేను వెతికి పట్టుకోలేదు, అనుకోకుండా దొరికారు. మీరు వెతికి పట్టుకోవచ్చు.

మెంటర్‌ని అడగడంలో చాలామంది చేసే పొరపాటు, "నాకు మెంటర్‌గా ఉంటారా" అని నేరుగా అడగడం. అది వినగానే అవతలివాళ్ళకి ఏళ్ళ తరబడి మోయాల్సిన బాధ్యతలా అనిపించి భయపడతారు. బదులుగా ఒకే ఒక్క ప్రశ్న తీసుకెళ్ళండి: "ఇద్దరు పనివాళ్ళని పెట్టుకోవాలా, ఒక మంచి మిషను కొనాలా అని తేల్చుకోలేకపోతున్నాను. మీ టైము అరగంట ఇస్తారా?" వెళ్ళేటప్పుడు అంకెలు రాసుకుని వెళ్ళండి. వచ్చాక వాళ్ళు చెప్పింది చేసి, ఏం జరిగిందో పదిరోజుల్లో తిరిగి చెప్పండి. ఈ తిరిగి చెప్పడమే కీలకం. సలహా తీసుకుని మాయమైపోయేవాళ్ళని చూసి విసిగిపోయిన పెద్దలు, వచ్చి ఫలితం చెప్పిన మనిషికి మళ్ళీ తలుపు తీస్తారు.

మెంటర్ మీ సంఘంవారే అయి ఉండాలా? అక్కర్లేదు అని నా అభిప్రాయం. నిజాయితీ ఉండాలి, మీరు చేసే పని తెలిసి ఉండాలి. విశ్వాసి కూడా అయితే మరీ మంచిది, ఎందుకంటే "ఈ ఆర్డరు తీసుకుంటే ఆదివారం ఆరాధన పోతుంది" అన్నప్పుడు మీ బాధ వివరించకుండానే అర్థమవుతుంది. విశ్వాసి అయినంత మాత్రాన జీఎస్టీనో, ఎగుమతులో తెలిసినట్టు కాదు. కొన్ని దేశాల్లో ఇందుకు ఉచిత ఏర్పాట్లు కూడా ఉన్నాయి. అమెరికాలో 1964లో మొదలైన స్కోర్ అనే సంస్థ ద్వారా, అనుభవం ఉన్న వ్యాపారులు చిన్న వ్యాపారాలవాళ్ళకి డబ్బు తీసుకోకుండా సలహా ఇస్తారు. మీరున్న చోట ప్రభుత్వ చిన్న పరిశ్రమల విభాగమో, మహిళా వ్యాపారుల సంఘమో అలాంటిది నడుపుతోందేమో కనుక్కోండి.

ప్రిస్కిల్ల, అకులల సంగతి ఇక్కడ చెప్పాలి. ఇద్దరూ డేరాలు కుట్టేవాళ్ళు. అపొల్లో అనే బోధకుడు బాగా మాట్లాడగలడు, లేఖనాలు తెలిసినవాడు, కానీ అతనికి తెలిసింది సగమే. వాళ్ళు అతన్ని సమాజమందిరంలో అందరిముందు సరిదిద్దలేదు. తమ దగ్గరికి చేర్చుకుని విడిగా చెప్పారు. మంచి మెంటర్‌ని గుర్తుపట్టడానికి నేను చూసేది ఇదే. మీ తప్పుని నలుగురిలో కథగా చెప్పే మనిషి ఎంత తెలివైనవారైనా వద్దు.

మెంటర్‌తో ఉండే పరిమితి, వాళ్ళు నడిచిన దారి ఇరవై ఏళ్ళ కిందటిది కావచ్చు. అప్పుడు ఫోన్లో ఆర్డర్లు, ఇంటికి పార్సిళ్ళు ఇప్పుడున్నంతగా లేవు. సూత్రం వాళ్ళ దగ్గర తీసుకోండి, ఇవాళ్టి పనిముట్లు ఇవాళ్టివాళ్ళ దగ్గర నేర్చుకోండి.

తోటి వ్యాపారుల చిన్న బృందం

వీటిలో ఒక్కటే ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను.

నలుగురు నుంచి ఆరుగురు మహిళలు. అందరిదీ సొంత వ్యాపారమే, కానీ ఒకే సరుకు కాదు. రెండు వారాలకోసారి గంటన్నర కలుస్తారు. తమ అంకెలు చెప్పుకుంటారు, ఒకరి సమస్య మీద అందరూ ఆలోచిస్తారు, వచ్చే కలయికలోపు ఏం చేస్తారో చెప్పి వెళ్తారు. అంతే. ఇది కొత్త ఆలోచన కూడా కాదు. తర్వాత అమెరికా దేశ నిర్మాతల్లో ఒకడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1727లో ఫిలడెల్ఫియాలో పన్నెండుమంది పనివాళ్ళతో, వ్యాపారులతో జుంటో అని ఒక చిన్న సంఘం పెట్టాడు. వారానికోసారి కూర్చుని ముందే రాసుకున్న ప్రశ్నల మీద మాట్లాడుకునేవాళ్ళు.

మన క్రైస్తవ చరిత్రలో ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. ఇంగ్లండు బోధకుడు జాన్ వెస్లీ అనుచరులు 1742లో అక్కడి బ్రిస్టల్‌ నగరంలో తమ కూటపు గది అప్పు తీర్చడానికి ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఒక్కొక్కరు వారానికి ఒక పెన్నీ ఇవ్వాలి, పన్నెండుమందికి ఒక నాయకుడు తిరిగి వసూలు చేయాలి. ఇవ్వలేని పేదవాళ్ళ వాటా నాయకుడే వేసుకోవాలి. అలా ప్రతివారం ఇళ్ళకి వెళ్తుంటే ఎవరి ఇంట్లో ఏం జరుగుతోందో, ఎవరి ఆత్మీయ జీవితం ఎలా ఉందో తెలిసి వచ్చింది. అప్పు కోసం పెట్టుకున్న పన్నెండుమంది గుంపే క్లాస్ మీటింగ్ అయింది, మెథడిస్టు ఉద్యమానికి వెన్నెముక అయింది. ఆ క్లాసుల్లో స్త్రీలు నాయకులుగా ఉన్నారు. నాకు ఈ కథ ఎందుకు ఇష్టమంటే, డబ్బు లెక్కనీ ఆత్మ సంగతినీ వాళ్ళు వేరువేరు గదుల్లో పెట్టలేదు. వారం వారం ముఖం చూసి అడిగితే రెండూ బయటికొస్తాయి.

మా బృందంలో ఐదుగురం. ఒకరు ట్యూషన్లు చెప్తారు, ఒకరు కేకులు చేస్తారు, ఒకరిది చిన్న ప్రింటింగు పని, ఒకరు ఇంటినుంచి ఖాతాలు రాసిపెడతారు, నేను బట్టలు. కలిసినప్పుడు మొదటి పది నిమిషాలు ప్రార్థన. తర్వాత ఒక్కొక్కరూ మూడు అంకెలు చెప్తాం: వచ్చింది ఎంత, పోయింది ఎంత, రావలసింది ఎంత. దీనికి ఒక్కొక్కరికి మూడు నిమిషాలు, కథలు ఉండవు. ఆపైన నలభై నిమిషాలు ఒకే ఒక్కరి సమస్యకి. ఆ రోజు వంతు ఎవరిదో ముందే తెలుసు. మొదటి పదిహేను నిమిషాలు ప్రశ్నలు మాత్రమే అడగాలి, సలహా ఇవ్వకూడదు. ఈ నియమం పెట్టుకోవడానికి మాకు నాలుగు నెలలు పట్టింది. అంతకుముందు నోరు తెరవగానే అందరూ సలహాలు కురిపించేవాళ్ళం, అడిగినావిడ ఇంకా గందరగోళంతో ఇంటికి వెళ్ళేది. ఇప్పుడు పదిహేను నిమిషాల ప్రశ్నలు అయ్యేసరికి సగంసార్లు ఆవిడకే జవాబు తెలిసిపోతుంది. చివర్లో ప్రతి ఒక్కరూ ఒక పని నోట్‌బుక్కులో రాసి సంతకం పెడతాం.

గలతీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయంలో రెండో వచనం ఒకరి భారాలు ఒకరు మోయమంటుంది. మూడు వచనాలు దాటగానే ఐదో వచనం, ఎవరి బరువు వారే మోసుకోవాలంటుంది. చాలాకాలం ఈ రెండూ ఎలా కుదురుతాయా అనుకునేదాన్ని. బృందంలో కూర్చున్నాక తెలిసింది. కేకుల అక్క ఓవెన్ పాడైన వారం మేం నలుగురం ఆమె ఆర్డర్లకి వేరే ఏర్పాట్లు చూశాం, అది భారం. రెండు నెలలుగా బాకీ ఉన్న కస్టమర్‌కి ఫోన్ చేయడం మాత్రం ఆమె పనే, ఆమె బదులు మేం చేయలేదు. చేశావా అని మాత్రం అడిగాం.

బృందం చెడిపోయే దారులు కూడా చెప్తాను. రహస్యం బయటికి పోవడం మొదటిది. రెండవ రాజులు 4లో అప్పులపాలైన విధవరాలి సంగతి గుర్తుంది కదా. ఎలీషా ఆమెని పొరుగువాళ్ళందరి దగ్గరా ఖాళీ పాత్రలు అడిగి తెచ్చుకోమన్నాడు, కొన్ని కాదు చాలా తెచ్చుకోమన్నాడు. తర్వాత తలుపు మూసుకుని నూనె పొయ్యమన్నాడు. పాత్రలు అడగడానికి వీధంతా తిరగాలి, పోసేటప్పుడు తలుపు మూయాలి. బృందంలో చెప్పిన అంకె బృందం తలుపు దాటకూడదు, ఇంట్లో భర్తతో కూడా చెప్పకూడదు, "ప్రార్థన విషయం"గా ఇంకో కూటంలోకి మోసుకెళ్ళకూడదు. ఈ చివరిది మన మధ్య చాలా ఎక్కువ, అందుకే మొదటి రోజే గట్టిగా చెప్పుకోవాలి. రెండో దారి, ఒకే సరుకు అమ్మే ఇద్దరు ఉండటం. ఎంత మంచివాళ్ళైనా అంకెలు దాచుకుంటారు. మూడోది, ఒకరు ఎప్పుడూ టైముకి రాకపోవడం. మూడుసార్లు అయ్యాక ప్రేమగా, నేరుగా అడగాలి.

నెట్‌వర్కింగ్ క్లబ్బులు, వ్యాపార సంఘాలు

కస్టమర్లు లేకపోవడమే మీ లోటైతే పై మూడింటికంటే ఇది త్వరగా పనిచేస్తుంది. 1985లో అమెరికాలో ఇవాన్ మిస్నర్ మొదలుపెట్టిన బీఎన్ఐ ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. ఒక్కో చాప్టర్‌లో, అంటే స్థానిక శాఖలో, ఒక్కో వృత్తికి ఒకరినే చేర్చుకుంటారు, వారం వారం కలిసి ఒకరికొకరు కస్టమర్లని పంపుకుంటారు. ఫీజు ఉంటుంది, హాజరు పట్టింపు ఉంటుంది. పది మందికి చెప్పుకోదగ్గ సేవ మీది అయితే, అంటే ప్రింటింగు, ఖాతాలు, ఫోటోగ్రఫీ లాంటివి అయితే లాభం. నాలాగా తక్కువ ధర వస్తువులు విడివిడిగా అమ్మేవాళ్ళకి ఫీజు రాబట్టుకోవడం కష్టం.

ఇక్కడే ఒక ప్రశ్న వస్తుంది: క్రైస్తవుల గుంపులోనే చేరాలా, అందరూ ఉండే చోటికి వెళ్ళొచ్చా? లూదియ ఊరు తుయతైరలో రంగులు అద్దేవాళ్ళ సంఘం ఉండేదని అక్కడ దొరికిన శాసనాలు చెప్తున్నాయి. ఉన్నిపనివాళ్ళకి, కుమ్మరులకి, కంచరులకి కూడా సంఘాలు ఉండేవి. ఆ సంఘాల విందులు దేవతల పేరున జరిగేవి. ప్రకటన గ్రంథం 2వ అధ్యాయంలో తుయతైర సంఘానికి రాసిన లేఖలో విగ్రహాలకి అర్పించినవి తినడం గురించి గద్దింపు ఉంది. వృత్తి సంఘంలో ఉండకపోతే బతుకు కష్టం, ఉంటే మనస్సాక్షి కష్టం, దాని వెనుక ఆ ఒత్తిడే ఉందని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు. మన ముందున్న ప్రశ్న పాతదే అన్నమాట.

నా సలహా ఇది. కస్టమర్ల కోసం అందరూ ఉండే చోటికి వెళ్ళండి, అక్కడ మీ నిజాయితీయే మీ సాక్ష్యం. అంకెలు, భయాలు విప్పి చెప్పుకునే చిన్న బృందం మాత్రం ఒకే విశ్వాసం ఉన్నవాళ్ళతో పెట్టుకోండి. ఎందుకంటే "లాభం వస్తుంది కదా, చేసేయ్" అన్న మాటకి "చేయకూడదు" అని తోడు నిలిచేవాళ్ళు కావలసిన రోజు తప్పకుండా వస్తుంది. బయటి క్లబ్బులో ఏదైనా పద్ధతి మీ మనస్సాక్షికి అడ్డు వస్తే, చేరకముందే నిర్వాహకులతో మర్యాదగా మాట్లాడుకోండి. చాలావరకు సర్దుకుంటారు.

పెద్ద కంపెనీలు నడిపేవాళ్ళకైతే క్రైస్తవ యజమానుల ఫోరమ్‌లు ప్రత్యేకంగా ఉన్నాయి. 1992లో అమెరికాలో మొదలైన సీ12 అలాంటిది. జీతాలిచ్చే మనుషులు పదుల సంఖ్యలో ఉన్నప్పుడు అలాంటివాటి గురించి ఆలోచించొచ్చు, చిన్న స్థాయిలో అవసరం లేదు.

డబ్బు కట్టి పెట్టుకునే కోచ్

కోచ్ అనే బోర్డు పెట్టుకోవడానికి చాలాచోట్ల ఏ లైసెన్సూ అక్కర్లేదు. కాబట్టి చదువు, అనుభవం అడగడం మీ హక్కు. ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ 1995 నుంచి ఉంది. వాళ్ళు మూడు స్థాయిల గుర్తింపు ఇస్తారు. మొదటి స్థాయి ఏసీసీకి కనీసం 100 గంటలు కోచింగ్ చేసి ఉండాలి, పీసీసీకి 500 గంటలు, ఎంసీసీకి 2500 గంటలు. ఈ గుర్తింపు లేకపోయినా మంచి కోచ్‌లు ఉంటారు, కానీ ఎన్ని గంటలు చేశారు, ఎలాంటి వ్యాపారాలవాళ్ళతో చేశారు అని అడిగితే చిరాకు పడేవాళ్ళ దగ్గర డబ్బు కట్టకండి.

క్రైస్తవ కోచింగ్ అని వచ్చేవాటిలో ఒక విషయం మీద నాకు చాలా బాధ ఉంది, సూటిగా చెప్తాను. "దేవుడు మీకు ఈ తలుపు తెరిచాడు, విశ్వాసం ఉంటే ఈ రాత్రికే కట్టండి" అని ఒత్తిడి చేసినవాళ్ళ చేతిలో నాకు తెలిసిన ఒక చెల్లి దాచుకున్నదంతా పోగొట్టుకుంది. డబ్బు పోవడం ఒక ఎత్తు. దేవుని పేరు మీద పోయింది కాబట్టి చాలాకాలం ప్రార్థన చేయడానికి కూడా ఆమెకి మనసు రాలేదు. కట్టాలో వద్దో ఆలోచించుకోవడానికి వారం గడువు ఇవ్వనివాళ్ళు ఏ వచనం చెప్పినా సరే, లేచి వచ్చేయండి.

కోచ్ ఎప్పుడు పనికొస్తారు? సమస్య ఏమిటో మీకు స్పష్టంగా తెలిసి, దానికి గడువు ఉన్నప్పుడు. వచ్చే ఆరు నెలల్లో ఇద్దరు మనుషులని పనిలో పెట్టుకుని, వాళ్ళకి పని అప్పజెప్పడం నేర్చుకోవాలి, ఇలాంటిది. "ఏదో సరిగ్గా లేదు" అన్న దశలో కోచ్ కంటే చిన్న బృందం మేలు.

ఆన్‌లైన్ గుంపులు, భాగస్వాములు, పొదుపు బృందాలు

ఆన్‌లైన్‌లో వేలమంది ఉండే గుంపులు త్వరగా ఒక చిన్న సమాచారం కావాలంటే మంచివి: ఫలానా ప్యాకింగ్ కవర్లు ఎక్కడ దొరుకుతాయి, ఫలానా యాప్‌లో ఈ తప్పు ఎందుకు వస్తోంది. అంతకుమించి ఆశించకండి. అందరి గెలుపులూ చూసి చూసి ఒంటరితనం ఇంకా పెరుగుతుంది.

ఒంటరిగా ఉందని భాగస్వామిని తెచ్చుకోవడం మాత్రం వద్దు. భాగస్వామి తోడు కోసం కాదు, మీ దగ్గర లేని నైపుణ్యం కోసమో పెట్టుబడి కోసమో. సంఘంలో ఎంత ఆప్తురాలైనా వాటా ఎంత, పని ఎంత, విడిపోవాలంటే ఎలా అన్నది రాతలో ఉండాలి. రాసుకోవడం అపనమ్మకం కాదు. రెండేళ్ళ తర్వాత ఇద్దరూ మరిచిపోయే మాటల్ని కాగితం గుర్తుపెట్టుకుంటుంది.

పెట్టుబడి లోటైతే పొదుపు, అప్పు బృందాలు దారి. 1983లో బంగ్లాదేశ్‌లో బ్యాంకుగా ఏర్పడిన గ్రామీణ్ బ్యాంకు ఐదేసి మంది బృందాలతో, ఎక్కువగా స్త్రీలతో ఇది ఎలా నడుస్తుందో ప్రపంచానికి చూపించింది. 2006లో ఆ బ్యాంకుకీ దాన్ని స్థాపించిన మొహమ్మద్ యూనుస్‌కీ కలిపి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. కానీ వాయిదా కట్టలేని వారం బృందంలో ఉండే ఒత్తిడి కూడా తక్కువ కాదు. అప్పు బృందాన్నీ ఆదరణ బృందాన్నీ ఒకటిగా కలపకండి. బాకీ ఉన్న మనిషి ముందు కన్నీళ్ళు పెట్టుకోవడం ఎవరికైనా కష్టం.

డబ్బు మాట వచ్చింది కాబట్టి ఇంకో హెచ్చరిక. ఒకే సంఘం, ఒకే విశ్వాసం అన్న నమ్మకాన్ని వాడుకుని చేసే పెట్టుబడి మోసాలని ఎఫినిటీ ఫ్రాడ్ అంటారు. అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ వీటి గురించి ప్రత్యేకంగా హెచ్చరిస్తూ వస్తోంది. మోసగాడు ముందు సంఘంలో గౌరవమున్న ఒకరిని ఒప్పిస్తాడు, ఆ ఒకరి మాట మీద మిగతావాళ్ళు డబ్బు పెడతారు. "మహిళా వ్యాపారుల సహవాసం" అని పిలిచి, చివరికి ఇంకో పదిమందిని చేర్పిస్తేనే మీకు ఆదాయం అంటే, అక్కడ సరుకు మీరే అని అర్థం.

మీ పరిస్థితికి ఏది?

ఇంకా మొదలుపెట్టలేదు, ఆలోచన మాత్రమే ఉందంటే ఒక మెంటర్‌తో రెండు మూడుసార్లు కూర్చోవడం చాలు. ఆ పని చేస్తున్న ఇద్దరిని కలిసి, నెల ఎలా గడుస్తుందో అడగండి. బృందంలో చేరడానికి మీ దగ్గర ఇంకా అంకెలు లేవు.

అమ్మకాలు ఉన్నాయి, చేతిలో డబ్బు నిలవడం లేదంటే మెంటర్ తర్వాత చిన్న బృందం. ఇది నా కథే. ముందు మీ గంటలు రాయండి.

పని బాగుంది, మనిషి నలిగిపోతోందంటే ప్రార్థన సహవాసం ముందు. ఆపైన, పనిలో ఏ భాగం ఇంకొకరికి ఇవ్వొచ్చో చూసే బృందం. ఇంట్లోవాళ్ళకి మీ పని మీద గౌరవం లేకపోవడమే నొప్పి అయితే ఏ క్లబ్బూ దాన్ని తీర్చదు. సంఘంలో మీ ఇంటివాళ్ళు మాట వినే ఒక పెద్ద దంపతులని భోజనానికి పిలిచి, వాళ్ళ సమక్షంలో మీ లెక్కల పుస్తకం చూపించండి. మా ఇంట్లో మాటలకి లొంగనిది ఆ పుస్తకానికి లొంగింది.

పసిపిల్లల తల్లులకి, పెద్దవాళ్ళకి సేవ చేస్తున్నవాళ్ళకి గంటన్నర కూడా దొరకదు. అలాంటివాళ్ళు ఒక్క మనిషితో మొదలుపెట్టండి. సోమవారం పొద్దున్న ఐదు నిమిషాల వాయిస్ మెసేజ్: ఈ వారం చేయబోయే పని ఒకటి, ప్రార్థన విషయం ఒకటి. శనివారం ఇంకో మెసేజ్: అయిందా, లేదా. ఏడాదిపాటు ఇంతకుమించి ఏమీ లేకుండా నిలబడ్డవాళ్ళు నాకు తెలుసు.

ఏది ఎంచుకున్నా మూడు నెలలు అని ముందే గడువు పెట్టుకోండి. మూడు నెలల తర్వాత మొదట్లో రాసిన కాగితం తీయండి. నిద్రపోనివ్వని ఆ మూడింటిలో ఒక్కటైనా కదిలిందా? కలిసి వచ్చిన ప్రతిసారీ చేయాల్సిన పని తెలిసి వస్తున్నారా, లేక మీరు తక్కువన్న భావనతో వస్తున్నారా? రెండోదైతే కృతజ్ఞత చెప్పి బయటికి రండి. బయటికి రావడం ద్రోహం కాదు.

ఎవరూ దొరకకపోతే మీరే పిలవండి. మా బృందం ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర మొదలైంది. ఖాతాలు రాసే చెల్లి చెప్పులు తొడుక్కుంటూ "అక్కా, ఈ నెల ఎలా ఉంది మీకు" అంది. బాగుంది అనబోయి, "బాగోలేదమ్మా, నువ్వు ఒకసారి నా పుస్తకం చూస్తావా" అన్నాను. మంగళవారం సాయంత్రం ఆమె వచ్చింది. వస్తూ వస్తూ కేకులు చేసే అక్కని కూడా తీసుకొచ్చింది.